పట్నము చూడ వచ్చిన చుట్టములు

పాఠ భాగములు: లూకా 2:41–52, 1 సమూయేలు 30:21–25



లూకా సువార్త రెండవ అధ్యాయపు చివర ఒక కుటుంబము చుట్టములతోను నెళవైనవారితోను కూడి పట్నమునకు పోయి వచ్చిన సంగతి వ్రాయబడియున్నది. పండ్రెండేండ్ల యేసు దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండుట దానిలో ముఖ్యమైన భాగము గనుక మనము సాధారణముగా దానినే ధ్యానించి తక్కినదానిని విడిచిపెట్టుదుము. ఈ నెల ఆ ప్రయాణమును గూర్చియే ఆలోచింపవలెనని కోరుచున్నాము. వేసవి సెలవులలో మన యిండ్లకు చుట్టములు వచ్చెదరు. వచ్చిన రెండవ దినముననో మూడవ దినముననో, “ఇంత దూరం వచ్చాం, హైదరాబాదు చూడకుండా ఎట్లా పోతాం?” అందురు. వెంటనే వాహనము మాట్లాడుదుము. ఆ దినము సంతోషముగా గడచుటయైనను, మనస్తాపముతో ముగియుటయైనను, చూచిన స్థలముల లెక్కనుబట్టి యుండదని మేము అనేక కుటుంబములలో కనిపెట్టితిమి.

నజరేతు చిన్న ఊరు. అక్కడనుండి యెరూషలేమునకు 100 కిలోమీటర్లకు పైగా నుండును. నడచువారికి మూడు నాలుగు దినముల త్రోవ. దారిలో దొంగల భయముండెను గనుక జనులు గుంపులుగా ప్రయాణము చేయుచుండిరి. యోసేపు మరియలు ధనికులు కారు. ఇదే అధ్యాయములో బిడ్డను ప్రతిష్ఠింప వచ్చినప్పుడు వారు పక్షుల బలిని గూర్చిన విధిని అనుసరించిరి; గొఱ్ఱెపిల్లను తేలేని బీదలకు ధర్మశాస్త్రము అనుమతించిన అర్పణ అది. అట్టివారు ఏటేట పస్కా పండుగకు పోవుచుండిరి.

తిరుగు ప్రయాణములో ఒక దినపు నడక సాగిన తరువాత గాని బాలుడు లేడని తెలియలేదు. స్త్రీలు ముందుగాను పురుషులు వెనుకగాను నడచిరనియు, బాలుడు తండ్రియొద్ద నున్నాడని తల్లియు, తల్లియొద్ద నున్నాడని తండ్రియు అనుకొనిరనియు కొందరు బోధకులు చెప్పుదురు. వినుటకు బాగుగానే యున్నది గాని లూకా అట్లు వ్రాయలేదు. అతడు గుంపులో ఉన్నాడని వారు తలంచిరని మాత్రమే వ్రాసెను. మాకు అంతే చాలును. గుంపు ఎంత పెద్దదైన అంత ధైర్యము; ప్రతివాడును మరియొకడు చూచుకొనుచున్నాడని అనుకొనును. మరియ అజాగ్రత్తగల తల్లియని నిందించు ప్రసంగములను కూడ మేము వింటిమి. పదిమంది పిల్లలను జాతరకు తీసికొనిపోయి మరల ఇంటికి చేర్చినవారెవరును అట్టి మాట పలుకరు.

ఇక మన ప్రయాణము మాట. మా మెదకు వైపు గ్రామములనుండి హైదరాబాదు చేరుటకు రెండున్నర మూడు గంటలు పట్టును. ఉదయము ఆరింటికి బయలుదేరవలెనన్న ఇంటి ఆడవారు మూడింటికే లేచి పులిహోర కలుపవలెను, పెరుగన్నము కట్టవలెను, పిల్లలకు స్నానములు చేయింపవలెను. మగవారు వాహనము వచ్చి హారను కొట్టిన తరువాత లేతురు. ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును, అయినను వ్రాయుచున్నాము. తుదకు ఏడున్నరకు కదలుదురు. మ్యూజియము, చార్మినారు, జూపార్కు, గోలకొండ, హుసేను సాగరు, వీలైన ఒక సినిమా – ఇన్నియు చీకటిపడులోగా చూడవలెనని ఉద్దేశము. కోస్తానుండి వచ్చిన చుట్టములైన యెడల, “మెదకు పెద్ద గుడి కూడా దారిలోనే గదా” అందురు. దారిలోనిది కాదు. 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయమును, దాని రంగుటద్దముల కిటికీలను చూడగోరువారు దానికి వేరొక పూట కేటాయింపవలెను. పట్నములో ఒక దినమునకు మూడు స్థలములు చాలునని మేము చెప్పుచుందుము. నాలుగవది చూచినవారు మొదటిది మరచిపోవుదురు.

సాలార్ జంగు మ్యూజియమును మాత్రము విడువవద్దు. నిజాము ప్రభుత్వములో ప్రధానమంత్రిగా కొంతకాలము పనిచేసిన మూడవ సాలార్ జంగు వివాహము లేకయే 1949లో చనిపోయెను. ఆయనయు ఆయన పూర్వులును కూర్చిన వస్తువులను 1951 డిసెంబరులో ఆయన దేవిడీలోనే ప్రజల దర్శనార్థము తెరచిరి. మూసీనది ఒడ్డున ఇప్పుడున్న కట్టడమునకు 1968లో మార్చిరి. శుక్రవారము సెలవు, సోమవారము జూపార్కు సెలవు. ఇది తెలియక మూయబడిన గేటును చూచి తిరిగివచ్చిన కుటుంబములను మేమెరుగుదుము.

అక్కడ ముసుగు వేసికొనిన రిబ్కా విగ్రహము కలదు. ఇటలీ దేశపు శిల్పియైన బెంజోనీ దానిని పాలరాతితో చెక్కెను. ముసుగు కూడ రాయియే. అయినను దానిలోనుండి ముఖము కనబడుచుండును. మన సంఘస్థులు అనేకులు, “ఎవరో దొరసాని” అని దాటిపోవుదురు. ఆమె ఆదికాండము 24వ అధ్యాయములోని రిబ్కా. ఒంటెమీదనుండి దిగి, పొలములో తనకెదురుగా వచ్చుచున్నవాడు ఇస్సాకేయని దాసునివలన తెలిసికొని ముసుగు వేసికొనిన గడియ అది. ఆమెయు చుట్టములను విడిచి దూరదేశమునకు ప్రయాణమైన పిల్లయే. ముందటి రాత్రి ఆ అధ్యాయమును పిల్లలకు చదివి వినిపించి తీసికొనిపోయిన యెడల వారు ఆ రాతిముందు నిలిచిపోవుదురు. మేము చేసి చూచితిమి.

పిల్లలకు మరింత ప్రియమైనది అక్కడి గంటల గడియారము. గంట కావచ్చినప్పుడు గడ్డముగల చిన్న బొమ్మ ఒకటి తలుపు తెరచుకొని వచ్చి, ఎన్ని గంటలైన అన్నిసార్లు గంట కొట్టి మరల లోపలికి పోవును. దానిని చూచుటకు జనులు ముందుగానే చేరి కాచుకొనియుందురు. మన పాఠమునకు సంబంధించిన ఒక సంగతి అక్కడనే జరిగినది.

మా సంఘములోని ఒక కుటుంబమునకు కృష్ణా జిల్లానుండి ఆడపడుచు, ఆమె భర్త, పిల్లలు, అత్తవారివైపు కొందరు వచ్చిరి. మొత్తము పదునేడుగురు, ఒక వ్యాను, ఒక కారు. పది గంటలు దాటిన తరువాత మ్యూజియము ప్రవేశించిరి. ఆడపడుచు కుమారుడు అయిదవ తరగతి చదువు బాలుడు. పదకొండు గంటలకు గడియారము మ్రోగినప్పుడు వాడు పెద్దల వెనుకనుండెను గనుక వీపులు తప్ప మరేమియు చూడలేదు. పదకొండున్నరకు అందరు బయటికి వచ్చి, చార్మినారు పోయి, లాడ్ బజారులో లక్క గాజులు బేరమాడి, ఒంటిగంట దాటిన తరువాత జూపార్కు చేరిరి. అక్కడ టిక్కెట్టు కిటికీయొద్ద పిల్లల టిక్కెట్లకై లెక్కపెట్టగా ఒకరు తక్కువైరి. బాలుడు మేనమామతో కారులో నున్నాడని తల్లి అనుకొనెను. తల్లితో వ్యానులో నున్నాడని మేనమామ అనుకొనెను. బజారులోని సందడిలో రెండు గుంపులును ఒకదానినొకటి చూచుకొనలేదు. అందరి చేతులలోను ఫోనులున్నవి. ఒకరికొకరు ఎప్పుడైనను మాటలాడవచ్చునను ధైర్యముచేత ఎవరును మాటలాడలేదు.

మేనమామ తిరిగి గాజుల అంగళ్లకు పరుగెత్తెను. తండ్రి చార్మినారు చుట్టు నాలుగు వైపుల తిరిగెను. మరియొకరు జూపార్కు గేటువద్ద కాపలా నిలిచిరి. ఆ రెండు గంటలు ఆ తల్లి పడిన వేదనను ఆమెయే మాతో చెప్పినది, ఇక్కడ వ్రాయము. మూడు కావచ్చినప్పుడు ఆమెకే గడియారము జ్ఞాపకమునకు వచ్చెను. పోయి చూడగా బాలుడు దాని యెదుట కూర్చుండియుండెను. కాపలావారు వానిని గమనించి, తమ కంటియెదుట కూర్చుండబెట్టుకొని, టీయు బిస్కత్తులును ఇప్పించి, తల్లిదండ్రులు రాని యెడల సాయంకాలము పోలీసు ఠాణాకు అప్పగింపవలెనని చూచుచుండిరి. తల్లి మొదట ఒకటి కొట్టెను, తరువాత కౌగిలించుకొనెను. బాలుడు ఏడ్చుచు, “చెప్పాను గదమ్మా, పన్నెండింటికి తాత పన్నెండుసార్లు కొడతాడు, చూసి వస్తానని” అనెను. చెప్పిన మాట నిజమే. బయటికి వచ్చునప్పుడు తల్లి నీళ్ల సీసాలు లెక్కపెట్టుచుండగా చెప్పి, ఆమె “ఊఁ” అనగా అనుమతి యనుకొని లోపలికి పోయెను.

ఈ బాలుని ప్రభువుతో పోల్చుట మా యుద్దేశము కాదు. ఆయన తన తండ్రి పనిమీద నుండెను. వీడు గడియారపు బొమ్మను చూచుచుండెను. అయితే వెదకినవారి సంగతి రెండుచోట్లను ఒక్కటిగానే యున్నది. యోసేపు మరియలు మొదట బంధువులలోను నెళవైనవారిలోను వెదకిరి, పిమ్మట పట్నమునకు తిరిగిపోయిరి. మూడు దినములైన తరువాత ఆయన దేవాలయములో వినుచు ప్రశ్నలడుగుచు కనబడెను. తన్ను వెదకుటకు ఇంత శ్రమ యేలయని ఆయనకే ఆశ్చర్యము కలిగెను. తానెక్కడ నుండవలసినవాడో ఇంటివారికి తెలియునని ఆయన తలంచెను. మన కుటుంబమువారు కూడ మొదట తమకు ప్రియమైన చోట్లనే వెదకిరి – గాజులయొద్ద, జంతువులయొద్ద. బాలునికి ప్రియమైనదేదో ఆ ఉదయము ఎవరును అడుగలేదు.

కాబట్టి బయలుదేరు ముందటి రాత్రి కుటుంబ ప్రార్థన అయిన పిమ్మట, “రేపు నీవు ఏమి చూడగోరుచున్నావు?” అని ఒక్కొక్కరిని పేరు పెట్టి అడుగవలెనని మేము చెప్పుచున్నాము. పిల్లలను, ముసలివారిని, క్రొత్త కోడలిని కూడ అడుగవలెను. క్రొత్త కోడలు, “మీ ఇష్టమండీ” అనును. రెండవసారి అడుగవలెను.

ఖర్చు మాట కూడ ఇక్కడనే చెప్పెదము. కూలి చేసికొని బ్రదుకు సహోదరుడొకడు చుట్టముల యెదుట చిన్నతనమగునని వడ్డీకి తెచ్చి వాహనము మాట్లాడెను. ఆ అప్పు తీర్చుటకు పంట కాలము వరకు కష్టపడెను. చుట్టములకు ఆ సంగతి తెలియనే లేదు. తెలిసిన యెడల వారే సిగ్గుపడియుందురు. పట్నము చూడ పోవువారు బండి బాడుగను తలకింత వేసికొనుటలో మర్యాద తక్కువ లేదు. ఆ మాట వచ్చిన చుట్టములే ముందుగా ఎత్తుట మంచిది. ఇంటివారు తమ నోట అడుగలేరు.

ఇప్పుడు రెండవ పాఠ భాగము. దావీదు సిక్లగులో దోచుకొనబడిన తనవారికొరకు ఆరువందల మందితో బయలుదేరినప్పుడు ఇన్నూరు మంది అలసటచేత బెసోరు వాగు దాటలేక సామానునొద్ద నిలిచిరి. నాలుగువందల మంది పోయి జయించి వచ్చిరి. వచ్చినవారిలో దుర్మార్గులైన కొందరు, వెనుక నిలిచినవారికి వారి భార్యాబిడ్డలను తప్ప మరేమియు ఇయ్యకూడదనిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికిని సామాను కాచినవానికిని సమానమైన భాగమని కట్టడ చేసెను.

చార్మినారుయొద్ద అరగంట నిలిచి చూడుడి. ఇరుకైన మెట్ల త్రోవలో పిల్లలు, యువకులు, బావలు, మరదళ్లు పైకి పోవుచుందురు. క్రింద నీడలో ఒక తల్లియో అత్తయో సంచుల మధ్య కూర్చుండియుండును. ఆమె చుట్టు చెప్పులు, టిఫిను క్యారియరు, స్వెట్టరులు, ఎవరిదో నిద్రపోవుచున్న పసిబిడ్డ. మ్యూజియమునొద్దను ఆమెయే, జూపార్కునొద్దను ఆమెయే. మూడింటికి లేచి పులిహోర కలిపినదియు ఆమెయే. రాత్రి ఇంటికి వచ్చి అందరు తాము చూచినవాటిని చెప్పుకొనుచుండగా ఆమె అన్నము వడ్డించుచుండును. దావీదు కట్టడ ప్రకారము ఆమెకు భాగమేది? వంతులు వేసికొనుట కష్టము కాదు. మొదటి స్థలములో ఒకరు, రెండవ స్థలములో మరియొకరు సంచులయొద్ద కూర్చుండవలెను. ఆ వంతులో ఇంటి యజమానుడు కూడ చేరవలెను. మగవాడు సంచుల మధ్య కూర్చుండిన చార్మినారు పడిపోదు. అది 1591నుండి నిలిచియున్నది.

గత సంవత్సరము మా యింటికి దివిసీమనుండి చుట్టములు వచ్చిరి. వారిలో ఒక పెద్దమ్మగారికి డెబ్బదియైదేండ్లు దాటినవి, మోకాళ్ల నొప్పి కలదు. చార్మినారునకు 149 మెట్లు. ఆమె పైకి చూచి, “మీరు పోయిరండి నాయనా, నేను ఇక్కడ కూర్చుంటాను” అనెను. ఆమెను ఒంటరిగా విడుచుట ఇష్టములేక మేము పిల్లలను వారి తండ్రులతో పైకి పంపి, ఆమెతో క్రిందనే యుంటిమి. వచ్చునప్పుడు వంతెనమీదనుండి ఏదో నది కనబడినదనియు, అది ఏ నదియనియు ఆమె అడిగెను. మూసీయని చెప్పి, 1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ నది పట్నమును ముంచిన సంగతిని కొంత చెప్పితిమి. వేలకొలది జనులు చనిపోయిరి. ఉర్దూ కవియైన అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ నీళ్లలో పోగొట్టుకొనెను. అట్టి ఆపద మరల రాకుండునట్లు విశ్వేశ్వరయ్యగారి సలహా తీసికొని, పట్నమునకు పైన 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును కట్టిరి. ఆ వరద దినమున ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరనియు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నదనియు చెప్పగా ఆమె వెంటనే లేచి నిలువబడి, “అది చూపించు” అనెను.

ఆటో మాట్లాడి పోతిమి. ఎంతో దూరము లేదు. ఆమె చెట్టు క్రింద నిలిచి కొమ్మలను చాలసేపు చూచెను. తరువాత చెప్పుట ఆరంభించెను. 1977 నవంబరు 19వ తేదీ శనివారమున ఉప్పెన దివిసీమమీద పడినప్పుడు ఆమెకు ఇరువదియేడేండ్లు. పదివేల మందికి పైగా చనిపోయిన ఉప్పెన అది. ఆమె తన తమ్ముని చేయి పట్టుకొని తాటిచెట్టును కౌగిలించుకొని యుండెనట. తెల్లవారునప్పటికి చెట్టు ఉన్నది, ఆమె ఉన్నది, తమ్ముడు లేడు. అతని పేరు చెప్పెను. ఇన్నేండ్ల చుట్టరికములో మేము ఆ పేరు వినలేదు. “ఇంట్లో ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?” అని అడుగగా, “ఎవరడిగారు నాయనా?” అనెను. ఆమె మాటలో కోపము లేదు.

మేము తిరిగి వచ్చునప్పటికి పిల్లలు చార్మినారు దిగి వాహనమునొద్ద నిలిచియుండిరి. పైనుండి ఏమేమి కనబడినదో అందరు ఒక్కసారిగా చెప్పిరి. చిన్న మనుమరాలు మాత్రము, “నాయనమ్మా, నువ్వేం చూశావు?” అని అడిగెను. ఆమె చింతచెట్టు మాట ఎత్తెను, తరువాత తాటిచెట్టు మాట. తన తండ్రికి ఒక మేనమామ ఉండెనని ఆ పిల్లకు అప్పుడే తెలిసినది. వాహనము జూపార్కు గేటునొద్ద ఆగెను. డ్రైవరు రెండుసార్లు చెప్పెను గాని, ఆమె ముగించువరకు ఎవరును దిగలేదు.